ద్వీపయాత్రకు ఏ పడవ?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలుచుండినచో పరీక్షాఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు చెప్పునని మీరు తలంతురు. ఆ వివరములన్నియు నివేదికలో చదివితిమి. నాకు మిగిలిన కొద్దిసేపును వేరొక విషయమునకు వినియోగింపదలచితిని. చూచుటకు అది చిన్న విషయమే. రాబోవు సెలవులలో పై తరగతుల పిల్లలను నాగార్జునకొండకు తీసికొనిపోవలెనని తలపెట్టియున్నాము. ఆ కొండ నేడు కృష్ణానదీ జలాశయము నడుమ ద్వీపముగా నున్నది. పడవ యెక్కక అచ్చటికి చేరుటకు వీలు లేదు. ఏ పడవ యెక్కవలెనన్నదే మన ముందున్న ప్రశ్న.

కొన్నాళ్ల క్రిందట నలుగురైదుగురు తల్లిదండ్రులు నా గదికి వచ్చిరి. వారిలో నొకరు, "అయ్యవారూ, ఊరి జనమంతా ఎక్కే లాంచీలో మన పిల్లోళ్లను ఎందుకు తోసేది? తలా కొంచెం వేసుకొని మనకే ఒక పడవ మాట్లాడుకుంటే పోలేదా?" అని యడిగిరి. ఆ మాటలో పిల్లలపై ప్రేమ యున్నది. న్యాయమును ఉన్నది. వెంటనే బదులు చెప్పుట నాకు తోచలేదు. ఆలోచించి సభలో అందరి యెదుట చెప్పెదనంటిని. ఆ బదులే నేటి ప్రసంగము.

ముందుగా, ఇంత దూరము పోవుట ఎందులకని యడుగువారికి రెండు మాటలు చెప్పవలసియున్నది. మన మత్తూరు పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో తెలుగు చదువుదురు. బజారునకు పోయినచో అరవము మాటలాడుదురు. రెండును మనకు కావలసినవే. అయినను తెలుగువారి పూర్వచరిత్ర వారికి పాఠ్యపుస్తకములోని పేరు మాత్రముగానే మిగిలియున్నది. క్రీస్తు శకము మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకులు కృష్ణాతీరమున విజయపురి రాజధానిగా నేలిరి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు ఆ వంశపు రాజులు. ఆ రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధ స్తూపములకును విహారములకును దానములు చేసి శాసనములు వ్రాయించిరి. పదునేడు వందల యేండ్ల క్రిందట ఆడువారు తమ పేర రాతిపై మాట నిలిపిన చోటు అది. మన బడిలో చదువు ఆడపిల్ల అట్టి శాసనమును కన్నులార చూచుట వేయి పాఠముల పెట్టు.

ఆ చోటు ద్వీపమైన కథయు తెలిసికొనదగినదే. 1926 లో పురావస్తుశాఖలో పనిచేయుచుండిన రంగస్వామి సరస్వతి ఆ లోయలోని శిథిలములను గుర్తించిరి. 1955 డిసెంబరు 10 వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట లేచినచో లోయ మునుగుట నిశ్చయము. అందుచేత 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు ఆ లోయనంతయు త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండమీదికి చేర్చి మరల కట్టిరి. మరికొన్నింటిని గట్టుననున్న అనుపు అను చోట నిలిపిరి. 1966 లో కొండపై మ్యూజియము తెరువబడెను. 1967 లో కాలువలకు నీరు వదలిరి. చుట్టును నీరు నిండగా కొండ ద్వీపమయ్యెను. పల్నాడు జిల్లాలోని విజయపురి సౌతు రేవు నుండియు, అవతలి గట్టున తెలంగాణ వైపు నుండియు పర్యాటకశాఖల లాంచీలు అచ్చటికి పోవుచుండును. నీటిపై ప్రయాణము చిన్నది కాదు. ఇంచుమించు ఒక గంట పట్టును. ఆ గంటసేపును మన పిల్లల ప్రాణములు ఒక పలకపై నుండునని మరువరాదు.

ఇక పడవ సంగతి. మన జిల్లావారికి పడవ కొత్త కాదు. హొగేనక్కల్లులో పరిసలు ఎక్కనివారు ఈ సభలో అరుదు. మన పెద్దలు దానిని పుట్టి యనియు, అరిగోలు అనియు పిలిచెడివారు. కావేరిలో నీరు పెరిగినప్పుడు ధర్మపురి జిల్లా అధికారులు పరిసళ్లు నడుపరాదని ఆజ్ఞ చేయుదురు. మీరెన్నియో మారులు ఆ వార్త విని, ప్రయాణము మానుకొనియుందురు. కన్యాకుమారికి పోయినవారికి మరియొకటి తెలియును. వివేకానంద శిలకు పోవుటకు తమిళనాడు ప్రభుత్వమునకు చెందిన పూంపుహారు సంస్థవారి పడవలే నడచును. లక్షాధికారియైనను, కూలివాడైనను ఆ పడవలకే టిక్కెట్టు కొనవలసినదే. సముద్రము పొంగినచో టిక్కెట్టు గది మూసివేయుదురు. అప్పుడు గట్టున నిలిచి శిలకు దండము పెట్టి వెనుకకు మరలవలసినదే. ఆ రెండు చోటులను మనసునందుంచుకొనుడు. నేను చెప్పబోవునదంతయు వానిలోనే యున్నది.

పడవలు రెండు విధములు. ఒకటి, వేళకు రేవు నుండి కదలి, తలకింతయని టిక్కెట్టు తీసికొని, అందరిని ఎక్కించుకొనిపోవు లాంచీ. రెండవది, ఒక జట్టువారు మొత్తముగా మాట్లాడుకొన్న బాడుగ పడవ. మొదటిదానిలో మనము ప్రయాణికులము. రెండవదానిలో మనమే ఆ పూటకు యజమానులము. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని కథయంతయు దీనిలోనే యిమిడియున్నది.

బాడుగ పడవలోని మేలు మొదట చెప్పెదను. దాచిపెట్టి వాదించుట ఉపాధ్యాయునకు తగదు. మనకు వలసిన వేళకు బయలుదేరవచ్చును. ద్వీపమున మనకు చాలినంతసేపు నిలువవచ్చును. లాంచీవారు గడువు పెట్టి కూత వేసినప్పుడు పిల్లవాడు శాసనము ముందునుండి పరుగెత్తి రానక్కరలేదు. కొత్తవారి నడుమ మన పిల్లలు చెదరిపోరు. ఉపాధ్యాయుడు పడవలోనే పాఠము చెప్పవచ్చును. ఇవన్నియు నిజమైన లాభములే. లాంచీలో జనము చాలనిచో కదలక గట్టున కాచుకొనుటయు రేవులలో పరిపాటియే.

ఇక ఖర్చు చూతము. ఈ లెక్క నేను ఉదాహరణముగా వేసినది మాత్రమే. రేవులోని ధరలు వేరుగా నుండవచ్చును. లాంచీ టిక్కెట్టు తలకు 200 రూపాయలనుకొందము. నలువది మంది ఎక్కదగిన బాడుగ పడవకు మొత్తము 9,000 రూపాయలనుకొందము. నలువది మందియే ఎక్కినచో తలకు 225 రూపాయలు పడును. అనగా లాంచీకంటె ఎక్కువ. నలువదియైదుగురెక్కినచో 200 పడును. అరువది మందినెక్కించినచో 150 మాత్రమే. గమనించితిరా? ఎక్కదగినంతమందియే ఎక్కినప్పుడు బాడుగ పడవ చౌక కాదు. ఎక్కరానంతమంది ఎక్కినప్పుడే చౌక. ఎనిమిదవ తరగతి పిల్లలకిది భాగహారపు లెక్క. పెద్దలకిది ధర్మసంకటము. ఎందుకనగా లెక్క తెలిసిన పిదప, "ఇంకొక ఐదుగురేగదా, చిన్నపిల్లలేగదా, సర్దుకొందురు" అను మాట పడవవాని నోటినుండి రాదు. మన నోటినుండియే వచ్చును.

లాంచీలో అట్టి ఆశ లేదా యని అడుగుదురు. ఉన్నది. తలకింతయని తీసికొనువానికి తలలు పెరిగినకొలది రాబడి. కాని అచ్చట ఆశ ఒకరిది, ప్రాణము వేరొకరిది. ఎక్కువమందిని ఎక్కించినచో మనము గట్టుననే నిలిచి "మేమెక్కము" అనవచ్చును. మన డబ్బు టిక్కెట్టు పాటిదే. బాడుగ పడవలోనన్ననో ఆశయు మనదే, ప్రాణమును మనదే, ఆజ్ఞయు మనదే. ఆపువాడు ఎవడు?

దీనికి నా అనుభవమొకటి చెప్పుకొనక తప్పదు. చాల యేండ్లుగా మనసులో మోయుచున్నాను. నేను సహాయోపాధ్యాయుడనుగా నుండిన కాలమున ముప్పదియిద్దరు పిల్లలతో ఒక జలాశయమునకు విహారమునకు పోయితిమి. ఒక పడవను మొత్తముగా మాట్లాడుకొని, బాడుగయంతయు ముందే చెల్లించితిమి. తీరా ఎక్కు వేళకు పడవ నడుపు ముసలివాడు పడమటి వైపు చూచి, "సార్, గాలి ఎత్తేటట్టుంది. ఒక గంట చూసి పోదాం" అనెను. సాయంకాలమునకు బస్సు కదలవలెను. పిల్లలు తొందరపడుచుండిరి. నాకును తొందరయే. "డబ్బు కట్టినాము గదా, తొందరగా పోయి వచ్చెదము" అంటిని. అతడు నా ముఖము ఒకసారి చూచి, మారు మాటలాడక త్రాడు విప్పెను.

సగము దూరము పోవునప్పటికి గాలి లేచెను. అలలు అంచుమీదినుండి లోపలికి చిమ్మసాగెను. తడిసిన పిల్లలు కేకలు వేయుచు పొడిగానున్న ప్రక్కకు ఒక్కసారిగా చేరిరి. పడవ ఆ వైపునకు ఒరిగెను. "కూర్చోండి! ఎక్కడోళ్లు అక్కడే కూర్చోండి!" అని ముసలివాడు అరచిన అరపు నేటికిని నా చెవులలో నున్నది. అందరము పడవ అడుగున కూలబడితిమి. అతడు అలలకు ఎదురుగా ముక్కు త్రిప్పి, మెల్లమెల్లగా గట్టునకు చేర్చెను. దేవుని దయవలన ఎవరికిని ఏమియు కాలేదు. ఒక అమ్మాయి చెప్పు నీటిపాలయ్యెను, అంతే. దిగిన పిదప నేను బక్షీసు ఇవ్వబోగా అతడు పుచ్చుకొనలేదు. "పిల్లోళ్లుండారు సార్, నా మాట వినాల్సింది" అని మాత్రమనెను. తప్పు పడవవానిది కాదు, పడవది కాదు, గాలిది అసలే కాదు. తప్పు నాది. డబ్బిచ్చితిని గనుక ఆజ్ఞ నాదే అనుకొంటిని. నీటిపై ఆజ్ఞ డబ్బిచ్చినవానిది కాదని ఆనాడు నేర్చితిని. ఆ పిల్లలు నేడు తాము పిల్లల తల్లిదండ్రులైయున్నారు. వారిలో నెవరు కనబడినను నాకు ముందుగా ఆ చెప్పు జ్ఞాపకము వచ్చును.

నాకు కలిగిన అదృష్టము అందరికి కలుగలేదు. 2017 నవంబరు 12 వ తేదీ సాయంకాలము విజయవాడ యొద్ద పవిత్ర సంగమమున అనుమతి లేని ప్రైవేటు పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15 వ తేదీన గోదావరి వరదలో నుండగా, పాపికొండలు చూడబోవుచున్న ప్రైవేటు విహారపడవ కచ్చులూరు యొద్ద మునిగి నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వరద కన్నులకు కనబడుచునే యుండెను. అయినను పడవ కదలెను. 2024 జనవరి 18 వ తేదీన గుజరాతులోని వడోదరలో హర్ణి చెరువున విహారమునకు వచ్చిన ఒక పాఠశాలవారి పడవ మునిగి పండ్రెండుగురు పిల్లలును, ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. ఆ పడవలో ఎక్కదగినవారికంటె ఎక్కువమంది యుండిరి. లైఫ్ జాకెట్టు లేని పిల్లలు పలువురు. ఆ వార్త చదివిన దినమున నేను తరగతికి పోయి హాజరు పిలువలేకపోతిని.

ఇన్ని చెప్పిన పిదప లాంచీయే సర్వరక్షకమని మీరనుకొనరాదు. 2009 సెప్టెంబరు 30 వ తేదీన కేరళలోని తేక్కడి జలాశయమున మునిగినది ప్రభుత్వ పర్యాటక సంస్థవారి పడవయే. నలువదియైదుగురు మరణించిరి. గట్టున జంతువులను చూచుటకు జనము ఒక ప్రక్కకు చేరుట ఒక కారణముగా చెప్పబడినది. పైయంతస్తు గల పడవలో జనమంతయు పైకెక్కినచో బరువు మీదికి పోవును. ఆపై అందరును ఒక ప్రక్కకు ఒరిగినచో పడవకు నిలకడ తప్పును. తలమీద నీళ్లబిందె పెట్టుకొని నడచు స్త్రీ నడుము ఒక్కసారిగా వంచినచో ఏమగునో, పడవకును అదియే అగును. కనుక ప్రభుత్వపు పేరు చూచి నిద్రపోరాదు. పడవ ఎవరిదైనను లెక్కయు, క్రమశిక్షణయు మన చేతిలోనే యున్నవి.

మరి ఏది మేలు? నా అభిప్రాయమును ఒక్క మాటలో చెప్పెదను. చౌకయేది, సుఖమేది అని కాక, "ఈ దినము పోరాదు" అని చెప్పు అధికారము ఎవరికున్నది, ఆ మాట చెప్పినందువలన వారికి నష్టమున్నదా లేదా అని చూచి పడవను ఎన్నుకొనవలెను. ఆశ ఎవరిదో, ఆజ్ఞ వారిది కారాదు. హొగేనక్కల్లున ఆజ్ఞ అధికారిది. పరిసలు నిలిచినందువలన ఆయన జీతము తగ్గదు. కన్యాకుమారిలో టిక్కెట్టు గది మూసినవానికి మన తొందరతో పని లేదు. అందుకే ఆ మాటకు బలమున్నది. మనము బాడుగ చెల్లించి కూర్చుండిన పడవలో సరంగు నోరు తెరచి వద్దనుటకు ఎంతటి ధైర్యము కావలెనో ఆలోచింపుడు. వద్దన్నచో బాడుగ పోవును, మరునాడు మనము వేరొకని పడవకు పోవుదుము. అతని బీదతనమును మన తొందరకు బానిసను చేయుట మనకు తగునా?

అందుచేత మనము వేళకు నడచు పర్యాటకశాఖ లాంచీలోనే పోవలెనని నా మనవి. ఉపాధ్యాయులము కూడి కొన్ని నియమములు ఏర్పరచుకొంటిమి. వానిని మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది, దినము. శుక్రవారము మ్యూజియమునకు సెలవు. ఆ దినము పోరాదు. ఆదివారములు, పండుగ దినములు జనసమ్మర్దముతో నిండియుండును. అవియు వద్దు. పనిదినమున ఉదయపు మొదటి లాంచీ యెక్కి, ఎండ తిరుగక మునుపే మరలి రావలెను. ప్రొద్దు క్రుంకిన పిదప నీటిపై నుండరాదు. 2023 మే 7 వ తేదీన కేరళలోని తానూరున ఇరువదియిద్దరిని పొట్టనబెట్టుకొన్న పడవ చీకటిపడిన పిదప నడచినదే. అది చేపలపడవను మార్చి చేసినది. జనము అందులో క్రిక్కిరిసియుండిరి.

రెండవది, లెక్క. పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు. గట్టున ఎక్కునప్పుడు, ద్వీపమున దిగునప్పుడు, తిరిగి ఎక్కునప్పుడు, గట్టున దిగునప్పుడు నాలుగు మారులు పేరు పిలిచి లెక్కింపవలెను. ఒకే లాంచీలో అందరికి చోటు చాలనిచో రెండు జట్లుగా పోవలెను. క్రిక్కిరిసిన లాంచీ యెక్కక తరువాతిదానికి నిలిచిపోవుటకు సిగ్గుపడరాదు.

మూడవది, లైఫ్ జాకెట్టు. అది ఆసనము క్రింద ఉన్నదని తృప్తిపడరాదు. ప్రతి పిల్లవాడును గట్టుననే తొడిగికొని, పట్టీలన్నియు బిగించిన పిదపనే అడుగు పెట్టవలెను. పిల్లల కొలతకు సరిపోవునవి కావలెను. పెద్దవారి జాకెట్టు చిన్నవానికి తొడిగినచో నీటిలో పడినప్పుడు అది పైకి తేలి, పిల్లవాడు క్రిందికి జారును. ఒక్క పిల్లవానికి చాలకున్నను ఆ జట్టు కదలదు.

నాలుగవది, కూర్చుండుట. కూర్చున్న చోటినుండి లేచి ప్రక్కలకు పరుగెత్తరాదు. ఫొటోలకని అంచున గుమిగూడరాదు. సరంగు మాటయే చట్టము. ఆ మాటకు ప్రధానోపాధ్యాయుడును బద్ధుడే. నేనైతే మరింత బద్ధుడను.

లాంచీవారు పెట్టు గడువు చాలదన్న చింతకును ఉపాయము కలదు. ద్వీపమున ఏమేమి చూడవలెనో ముందుగానే తరగతిలో పాఠముగా చెప్పెదము. మ్యూజియములో ఏ శాసనము, ఏ శిల్పము, వెలుపల ఏ స్తూపము, ఏ స్నానఘట్టము ఎవరు చూచి వ్రాయవలెనో పిల్లలకు పంచియిచ్చెదము. తెలిసి చూచినవానికి గంట చాలును. తెలియక చూచినవానికి దినమైనను చాలదు.

బాడుగ పడవ ఎన్నడును కూడదని నా మాట కాదు. కుటుంబములవారు పోవునప్పుడు, లాంచీలు నడువని చోట్ల, అదియే గతి కావచ్చును. అప్పుడు మీరడుగవలసినవి కొన్ని కలవు. దేశములోని నదులలో యంత్రముతో నడచు పడవలకు నమోదును, తనిఖీ పత్రమును ఉండవలెనని 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము చెప్పుచున్నది. ఆ పత్రమును చూపుమనుడు. ఎంతమంది ఎక్కవచ్చునో పడవపై వ్రాసియున్నదా చూడుడు. చంకనున్న బిడ్డయు ఒక తలయే యని లెక్కింపుడు. అన్నింటికంటె ముఖ్యముగా డబ్బు ముందే చెల్లింపకుడు. చెల్లింపవలసివచ్చినచో, గాలివానల వలన పడవ కదలకపోయినచో డబ్బు తిరిగి ఇచ్చుదుమని వ్రాయించుకొనుడు. ఇంకను మంచి పద్ధతి యొకటి కలదు. పడవ కదలకున్నను కొంత కూలి నీకిత్తుమని సరంగుతో ముందే చెప్పుడు. అప్పుడతని నోటినుండి నిజము వచ్చును. ఆ కొద్ది డబ్బు వృథా కాదు. అది నిజమునకు ఇచ్చిన వెల.

ఇక చివరి మాట. ఇది నియమము కాదు, మీకు చేయు విన్నపము. మనము రాత్రియంతయు బస్సులో ప్రయాణము చేసి రేవుకు చేరితిమనుకొనుడు. ఆ దినమే గాలి వీచి, లాంచీ కదలదని చెప్పిరి. పిల్లల ముఖములు వాడిపోవును. కొందరు ఏడ్తురు. అప్పుడు ఎవరో ఒకరు ప్రక్కకు పిలిచి, "మా పడవ ఉంది, రండి సార్" అనవచ్చును. ఆ క్షణమున ఉపాధ్యాయుని మనసున మెదలునది కొండ కాదు, జలాశయము కాదు. మీరు. కూలినాలి చేసి కూడబెట్టి మీరిచ్చిన డబ్బు. "అంత దూరము తీసుకొనిపోయి కొండ చూపలేకపోయినారే" అని మీరనబోవు మాట. ఆ మాటకు భయపడియే ఎందరో బుద్ధిమంతులు ఎక్కరాని పడవ లెక్కుచున్నారు. నన్ను ఆనాడు తొందరపెట్టినది బస్సు వేళ యని చెప్పితిని. అది సగము నిజము. మిగిలిన సగము ఈ భయమే.

కనుక ముందే చెప్పుచున్నాను. లాంచీ లేని దినమున గట్టుననే చూడదగినవి మేము సిద్ధము చేసికొంటిమి. అనుపునకు పడవ అక్కరలేదు. రోడ్డు మీదనే పోవచ్చును. ఇక్ష్వాకుల నాటి రంగస్థలమును, విహారమును అచ్చట మరల కట్టి నిలిపిరి. మెట్ల వరుసలపై పిల్లలను కూర్చుండబెట్టి ఒక పాఠము చెప్పుటకు అంతకంటె మంచి చోటు లేదు. ఆనకట్ట యున్నది. చంద్రవంక వాగు దుముకు ఎత్తిపోతల జలపాతమున్నది. 2022 మేలో తెరచిన బుద్ధవనమున్నది. దినమంతయు చాలును. చేతిలో రెండవ దారి యున్నవాడే మొదటి దారిని ధైర్యముగా వదలుకొనగలడు. కొండను గట్టునుండి చూపి, "మీరు పెద్దవారై మీ పిల్లలతో రండు" అని పిల్లలతో చెప్పెదము. కొండ పదునేడు వందల యేండ్ల చరిత్రను మోయుచున్నది. మరి పదియేండ్లు మన పిల్లలకై కాచుకొనలేదా?

మీరు నాకు ఇవ్వవలసినది ఒక్క మాట. ద్వీపము చూడక పిల్లలు తిరిగి వచ్చినచో వారిని తీసికొనిపోయిన ఉపాధ్యాయులను నిందింపమని మాట ఇండు. అనుమతి పత్రముపై మీరు సంతకము చేయునప్పుడు ఆ వాక్యమును కూడ అందులో వ్రాయించితిని. చదివి సంతకము చేయుడు. చదువురానివారు పిల్లలచేత చదివించుకొనుడు. పిల్లలు ఆ వాక్యమును తమ నోట చదువుటయు మంచిదే. మన సంతకము సరంగు చేతికి బలము. అతడు "నేడు వద్దు" అన్ననాడు, అతని వెనుక మత్తూరు తల్లిదండ్రులందరు నిలిచియున్నట్లే.